ఎలక్ట్రిక్ షవర్‌లో ధార సన్నగా వస్తోందా? ముందు పాల క్యాన్ తీయండి

ఇంగ్లండ్‌లో అద్దె ఇంట్లో దిగిన మనవాళ్లకు సెప్టెంబర్‌లో బాగానే ఉందనిపించిన షవర్ జనవరికల్లా చిరాకు పుట్టిస్తుంది. గోడకు బిగించిన తెల్ల డబ్బా, సీలింగ్ నుంచి వేలాడే తాడు, తాడు లాగితే వెలిగే చిన్న ఎర్ర లైటు, అన్నీ అలాగే ఉంటాయి, నీళ్లు మాత్రం సన్నబడిపోతాయి. నాబ్‌ని వేడి వైపు తిప్పితే ధార ఇంకా తగ్గిపోతుంది. చల్ల వైపు తిప్పితే ఫోర్స్ వస్తుంది కానీ ఆ నీళ్ల కింద నిలబడే ధైర్యం ఎవరికీ ఉండదు. ఇక ఇంట్లో ఉన్న నలుగురూ కలిసి ప్రెషర్ లేదని తేల్చేస్తారు. ఓనర్‌కి మెసేజ్ వెళుతుంది, పంప్ పెట్టిస్తే సరిపోతుందని ఒకరు సలహా ఇస్తారు, ఇంకొకరు ఆన్‌లైన్‌లో పెద్ద రెయిన్ షవర్ హెడ్ ఒకటి ఆర్డర్ పెట్టేస్తారు.

చలికాలంలో మొదలైన సమస్యైతే పంపూ, పెద్ద హెడ్డూ రెండూ దండగ ఖర్చే. ఎలక్ట్రిక్ షవర్‌లో వేణ్ణీళ్లు సన్నగా రావడం వేరు, అసలు నీళ్లే సరిగ్గా రాకపోవడం వేరు. మొదటిది కరెంటు లెక్క, రెండోది పైపుల లెక్క. రెండింటికీ బయటికి కనిపించే లక్షణం ఒకటే కాబట్టి జనం పొరబడతారు. మన వైపు నుంచి వెళ్లినవాళ్లు ఇంకాస్త ఎక్కువ పొరబడతారు, ఎందుకంటే మన ఇళ్లలో షవర్ నీరసంగా వస్తే ఎవరైనా ముందు చూసేది మేడ మీద ట్యాంకు వైపే. అక్కడ ఆ అలవాటు తప్పుదారి పట్టిస్తుంది.

డబ్బా లోపల ఏం జరుగుతుందో చూస్తే సంగతి అర్థమవుతుంది. అందులో నీళ్లు నిల్వ ఉండవు. వీధిలోని మెయిన్ పైపు నుంచి వచ్చే చన్నీళ్లు నేరుగా చిన్న హీటర్ క్యాన్‌లోకి వచ్చి, అందులోని రెండు హీటింగ్ ఎలిమెంట్లను దాటుకుంటూ వేడెక్కి, ట్యూబ్‌లోంచి షవర్ హెడ్‌కి చేరతాయి. పవర్ సెలెక్టర్ కోల్డ్‌లో ఉంటే రెండు ఎలిమెంట్లూ ఆఫ్, మీడియంలో ఒకటి ఆన్, హైలో రెండూ ఆన్. మరి పక్కనున్న టెంపరేచర్ నాబ్ ఏం చేస్తుంది? చాలా మోడళ్లలో అది వేడిని ముట్టుకోనే ముట్టుకోదు, నీళ్లను మాత్రమే తగ్గించి పెంచుతుంది. వేడి వైపు తిప్పామంటే డబ్బాలోకి తక్కువ నీళ్లు వదిలామని అర్థం. నీళ్లు తక్కువైతే అదే ఎలిమెంట్ల మీద ఎక్కువసేపు ఉంటాయి కాబట్టి ఎక్కువ వేడెక్కుతాయి. అంటే వేడి కావాలని తిప్పిన ప్రతిసారీ ధారను మన చేత్తో మనమే తగ్గించుకుంటున్నాం. థర్మోస్టాటిక్ (వేడిని తనంతట తానే ఒకేలా ఉంచే రకం) అని రాసి ఉన్న మోడళ్లలో కూడా వేడి చాలనప్పుడు జరిగేది ఇంచుమించు ఇదే, కాకపోతే ఆ తిప్పే పని మెషిన్ చేస్తుంది.

లెక్క కష్టమేమీ కాదు. ఒక కిలోవాట్ కరెంటు ఒక నిమిషంలో ఒక లీటరు నీటిని సుమారు 14.3 డిగ్రీలు వేడెక్కిస్తుంది. డబ్బా మీద 9.8 కిలోవాట్లు అని ఉందనుకోండి. అది 240 వోల్టుల దగ్గర చెప్పిన అంకె, 230 వోల్టులే అందితే అదే షవర్ 9 కిలోవాట్లే ఇస్తుంది (ఈ రెండు అంకెలూ పక్కపక్కనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటాయి, పెట్టె మీద పెద్ద అక్షరాల్లో మాత్రం పెద్ద అంకే వేస్తారు). 9ని 14.3తో గుణిస్తే దాదాపు 129 వస్తుంది. జూలైలో పైపు నీళ్లు 17 డిగ్రీలు ఉంటే, ఒంటికి హాయిగా ఉండే 39 డిగ్రీలకు తేవడానికి 22 డిగ్రీలు పెంచాలి. 129ని 22తో భాగిస్తే నిమిషానికి 5.9 లీటర్లు. జనవరిలో అవే నీళ్లు 6 డిగ్రీల దగ్గర వస్తే 33 డిగ్రీలు పెంచాలి కాబట్టి మిగిలేది నిమిషానికి 3.9 లీటర్లు. అదే డబ్బా, అదే పైపు, వీధిలో అదే ప్రెషర్, మూడో వంతు నీళ్లు తగ్గిపోయాయి. ఇందులో పాడైంది ఏదీ లేదు, రిపేర్ చేయడానికీ ఏమీ లేదు.

హైదరాబాద్‌లో సింక్ పక్కనో బాత్రూంలోనో పెట్టుకునే 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్‌కి ఇదే సూత్రం వేసి చూడండి. 22 డిగ్రీల ట్యాంకు నీళ్లను 40కి తేవాలంటే నిమిషానికి 2.4 లీటర్లు మించి ఇవ్వలేదు, 20 లీటర్ల బకెట్ నిండడానికి ఎనిమిది నిమిషాలు పైనే పడుతుంది. అయినా దాన్ని ఎవరూ లోపం అనుకోరు, ఎందుకంటే బకెట్ కింద పెట్టి వేరే పని చూసుకుంటాం, నీళ్లు పోగవుతాయి. షవర్ కింద నిలబడినవాడికి ఆ వెసులుబాటు లేదు. ఇక 15, 25 లీటర్ల స్టోరేజ్ గీజర్ ఉన్న ఇళ్లలో నీళ్లు ముందే కాగి ఉంటాయి కాబట్టి ధారను కరెంటు అడ్డుకోదు, అక్కడ అడ్డు ట్యాంకు ఎత్తే. 10 మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్ ప్రెషర్, అంటే ట్యాంకు షవర్‌కి 3 మీటర్ల పైన ఉంటే వచ్చేది 0.3 బార్ మాత్రమే. ఇంగ్లండ్‌లో దొరికే ఎలక్ట్రిక్ షవర్లు చాలావరకు 1 బార్‌కి అటూ ఇటూ ప్రెషర్ ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయి, నీటి ఒత్తిడి మరీ తక్కువైతే లోపలి ప్రెషర్ స్విచ్ ఎలిమెంట్లను ఆన్ కానివ్వదు. అది రక్షణ కోసం పెట్టిన ఏర్పాటు. (ఆ డబ్బాను సూట్‌కేసులో పెట్టి ఊరికి తెచ్చుకుందామనుకునేవాళ్లు ఉంటే ఒక మాట: అది 39 ఆంపియర్లు లాగుతుంది, మన గీజర్ ప్లగ్గు 16 ఆంపియర్లది. వద్దు.)

సరే, ఇంతకీ మీ ఇంట్లో ఉన్నది కరెంటు లెక్కా, పైపుల లెక్కా? దీనికి ప్లంబర్ అక్కర్లేదు, ఖాళీ పాల క్యాన్ చాలు. అక్కడ సూపర్‌మార్కెట్లో దొరికే ఆకుపచ్చ మూతో నీలం మూతో ఉన్న పెద్ద క్యాన్ నాలుగు పింట్లు, అంటే 2.27 లీటర్లు, లీటర్ల అంకె లేబుల్ మీదే ఉంటుంది. షవర్ హెడ్ విప్పేసి ట్యూబ్ కొసను క్యాన్ మూతిలో వదులుగా పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. ముందు పవర్ సెలెక్టర్ కోల్డ్‌లో పెట్టి, టెంపరేచర్ నాబ్ పూర్తిగా చల్ల వైపు తిప్పి ఒకసారి కొలవండి. తర్వాత హైలో పెట్టి, మీరు రోజూ స్నానం చేసే వేడికి నాబ్ సర్దుకుని, నీళ్ల వేడి నిలకడగా వచ్చాక ఇంకోసారి. హెడ్ తిరిగి బిగించి, కింద బకెట్ పెట్టి ఒక నిమిషం పట్టి, ఆ నీళ్లను క్యాన్‌తో కొలుచుకుంటే మూడో అంకె. చివరగా వంటింటి చన్నీళ్ల కుళాయి దగ్గర కూడా ఒకసారి.

కోల్డ్‌లో క్యాన్ 15 సెకన్లలో నిండి, వేడిలో 35 సెకన్లు పట్టిందంటే లెక్క తేలిపోయింది. 35 సెకన్లకు 2.27 లీటర్లంటే నిమిషానికి 3.9 లీటర్లు, పైన జనవరికి వేసిన లెక్కకి అతికినట్టు సరిపోయింది. నీళ్లు పుష్కలంగా ఉన్నాయి, పైపు బాగుంది, వేడి చేసే శక్తి అంతే ఉంది. ఇలాంటి ఇంట్లో పంప్ పెట్టిస్తే ఒరిగేదేమీ లేదు. నీళ్లు ఎక్కువ తోస్తే అంత చల్లగా వస్తాయి, వేడి కోసం మళ్లీ నాబ్ తిప్పి ఆ పంప్ తోసిన నీళ్లనే ఆపేస్తాం. పైగా నిమిషానికి 12 లీటర్లకు మించి లాగే పంప్‌ని మెయిన్ పైపుకి కలపాలంటే ముందుగా నీటి కంపెనీకి తెలియజేసి అనుమతి తీసుకోవాలని 1999 నాటి వాటర్ ఫిటింగ్స్ నిబంధనలు చెబుతాయి.

కోల్డ్‌లోనూ వేడిలోనూ రెండింట్లోనూ సన్నగానే వస్తోంది, వంటింటి కుళాయి మాత్రం దబదబా పోస్తోంది అంటే అడ్డు షవర్ దారిలోనే ఎక్కడో ఉంది. ముందుగా అనుమానించాల్సింది హెడ్‌నే. హెడ్ ఉన్నప్పుడు, లేనప్పుడు కొలిచిన అంకెల్లో పెద్ద తేడా ఉంటే దోషి దొరికినట్టే. లండన్, దాని చుట్టుపక్కల ఆగ్నేయ ప్రాంతమంతా సుద్దరాతి నేల, నీళ్లు మన బోరు నీళ్లలా గట్టివి, కెటిల్ అడుగున తెల్లగా సున్నం పేరుకుంటే షవర్ రంధ్రాల్లోనూ అదే పేరుకుంటుంది. వేల్స్‌లోని ఎలాన్ లోయ నుంచి నీళ్లు తెచ్చుకునే బర్మింగ్‌హామ్‌లో, లేక్ డిస్ట్రిక్ట్ నీళ్లు తాగే మాంచెస్టర్‌లో, లాక్ కాట్రిన్ నీళ్లు వాడే గ్లాస్గోలో ఈ బెడద చాలా తక్కువ, కాబట్టి ఆ ఊళ్లలో ఉన్నవాళ్లు సున్నం మీద టైం వృథా చేయకుండా తర్వాతి వాటికి వెళ్లిపోవచ్చు. సున్నం పట్టిన హెడ్‌కి వైద్యం మన వంటింట్లోనే ఉంది: గోరువెచ్చటి నీళ్లలో రెండు మూడు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు నానబెట్టి, రబ్బరు ముక్కులున్న హెడ్ అయితే ఒక్కో ముక్కునీ బొటనవేలితో రుద్దితే లోపలి సున్నపు పెచ్చులు రాలి బయటికి వస్తాయి. గట్టి ప్లాస్టిక్ అయితే పాత టూత్‌బ్రష్ వాడొచ్చు. పిన్నీసుతో పొడిస్తే రంధ్రం పెద్దదై, ధార పక్కకు కొడుతుంది. వెనిగర్ కూడా పనిచేస్తుంది, రాత్రంతా నానబెడితే మాత్రం క్రోమ్ పూత దెబ్బతినొచ్చు. ఈ ద్రావణాలేవీ డబ్బా లోపలికి పోయడానికి మాత్రం కాదు.

హెడ్ తర్వాత ట్యూబ్. పైకి స్టీలు చుట్టు మెరుస్తున్నా లోపలుండేది సన్నటి ప్లాస్టిక్ గొట్టమే, అది మెలిపడినా, చివరి రబ్బరు వాషర్ జరిగి రంధ్రానికి అడ్డం పడినా నీళ్లు ఆగిపోతాయి. కొత్త ట్యూబ్ పెద్ద ఖర్చు కాదు, కానీ కొనేటప్పుడు లోపలి బోలు ఎంతో చూసి కొనండి, మరీ సన్నబోలు ట్యూబులు కూడా అమ్ముతారు. హెడ్డూ ట్యూబూ మూసుకుపోయినా అలాగే వాడుతూ పోతే ఇంకో ప్రమాదం ఉంది. నీళ్లు బయటికి పోలేక డబ్బాలోని హీటర్ క్యాన్‌లో ఒత్తిడి పెరుగుతుంది, అది హద్దు దాటితే డబ్బా అడుగునున్న ప్రెషర్ రిలీఫ్ పార్టు పేలి కింది నుంచి నీళ్లు కారతాయి. ఆ పార్టు ఉన్నదే అందుకు, లేకపోతే క్యానే పగిలేది. డబ్బా కింది నుంచి చుక్కలు పడుతుంటే షవర్ వాడడం ఆపేయాలి. ఇదే కారణంతో మధ్యలో ఆన్, ఆఫ్ బటన్ ఉండే షవర్ హెడ్‌లు ఎలక్ట్రిక్ షవర్‌కి పెట్టకూడదు. సబ్బు రాసుకునేటప్పుడు నీళ్లు ఆపుకోవచ్చని కొంటారు, హీటర్ ఆన్‌లో ఉండగా బయటికి పోయే దారి మూసేస్తున్నామన్న సంగతి తట్టదు.

హెడ్, ట్యూబ్ రెండూ తీసేసినా కోల్డ్‌లో సన్నగానే వస్తుంటే షవర్‌కి వచ్చే పైపు మీద ఐసోలేటింగ్ వాల్వ్ (ఆ ఒక్క పైపులో నీళ్లు ఆపే చిన్న వాల్వ్) ఎక్కడుందో వెతకండి. చాలా ఇళ్లలో అది స్క్రూడ్రైవర్‌తో తిప్పేది. గాడి పైపు వెంబడి ఉంటే తెరిచి ఉన్నట్టు, పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు, ఐమూలగా ఉంటే ఎవరో సగం తెరిచి వదిలేసినట్టు. ఎప్పుడో రిపేర్‌కి వచ్చినవాళ్లు అలా వదిలేసి వెళ్లడం మామూలే. ఇక వీధిలో పైపు పగిలి రిపేర్ జరిగిన మర్నాటి నుంచి నీళ్లు తగ్గాయంటే ఇసుక, తుప్పు ముక్కలు కొట్టుకొచ్చి డబ్బా ఇన్‌లెట్ దగ్గరున్న చిన్న జాలీలో ఇరుక్కుని ఉండొచ్చు. దాన్ని కడిగితే చాలు, కానీ చాలా మోడళ్లలో అందుకు మూత తీయాలి. మూత తీస్తే చేతికి అందేంత దూరంలో మనిషిని చంపే కరెంటు ఉంటుంది. తాడు లాగి ఆపితే సరిపోదు, మెయిన్ బోర్డులో బ్రేకర్ దించాలి. అద్దెకున్నవాళ్లు ఈ పనికి పూనుకోకపోవడమే మంచిది.

వంటింటి కుళాయి కూడా నీరసంగా ఉంటే సమస్య ఇంటి మొత్తానిది. సింక్ కింద స్టాప్‌కాక్ (ఇంటి మొత్తానికి నీళ్లు ఆపే వాల్వ్) పూర్తిగా తెరిచి ఉందో లేదో చూసి, అది సరిగ్గానే ఉంటే ఒకటి రెండు రోజులు వేర్వేరు టైముల్లో కొలవండి. పొద్దున ఏడున్నరకి తక్కువ, మధ్యాహ్నం బాగా వస్తోందంటే కారణం వాడకమే. వరసగా అంటుకుని ఉండే విక్టోరియా కాలపు పాత ఇళ్లలో రెండు మూడు ఇళ్లకు కలిపి ఒకే సన్నటి సర్వీస్ పైపు ఉండడం కొత్తేమీ కాదు. పక్కింటివాళ్లు వాషింగ్ మెషిన్ వేస్తే మీ షవర్‌కి తెలుస్తుంది. ఎప్పుడూ తక్కువే అంటే నీటి కంపెనీకి ఫోన్ చేయాల్సిందే. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇంటికి వచ్చే పైపులో కనీసం 7 మీటర్ల ఎత్తుకి సమానమైన ప్రెషర్, అంటే 0.7 బార్, ఉంచాలన్నది వాళ్లు పాటించాల్సిన ప్రమాణం. 28 రోజుల్లో రెండుసార్లు, ఒక్కోసారి గంటకు పైగా అంతకన్నా తగ్గితే కస్టమర్‌కి పరిహారం కూడా ఇవ్వాలి. ఒక చిక్కేమిటంటే ఆ 0.7 బార్ కొన్ని ఎలక్ట్రిక్ షవర్లకి చాలదు, కంపెనీ తన వంతు సరిగ్గా చేసినా మేడ మీది బాత్రూంలో షవర్ మొరాయించవచ్చు.

ఇవన్నీ ఒకెత్తు, బాగా తెలిసినవాళ్లను కూడా బోల్తా కొట్టించేది ఇంకోటుంది. రెండు ఎలిమెంట్లలో ఒకటి కాలిపోతే ఏమవుతుంది? నీళ్లు వస్తాయి, లైటు వెలుగుతుంది, వేడి కూడా కొంత వస్తుంది. కానీ హైలో పెట్టినా సగం కరెంటే పనిచేస్తోంది కాబట్టి వేడి చాలదు, చాలక నాబ్ ఇంకా తిప్పుతారు, ధార దారంలా అయిపోతుంది. చూసేవాళ్లకి ఇది నూటికి నూరుపాళ్లు ప్రెషర్ సమస్యలాగే ఉంటుంది, ప్లంబర్‌ని పిలుస్తారు, ఆయన వచ్చి పైపులన్నీ చూసి బాగానే ఉన్నాయని చెప్పి విజిటింగ్ ఛార్జీ తీసుకుని వెళతాడు. తెలుసుకునే పద్ధతి సులువు. నాబ్ కదపకుండా మీడియంలో కొంతసేపు, హైలో కొంతసేపు నీళ్లు వదిలి చూడండి. రెండింట్లో వేడి ఒకేలా ఉంటే, లేదా మీడియంలో చల్లటి నీళ్లే వచ్చి హైలో మాత్రం కాస్త వెచ్చబడితే, ఒక ఎలిమెంట్ పోయినట్టే అనుకోవాలి. లేదంటే దాన్ని ఆన్ చేసే స్విచ్ పోయి ఉండాలి. ఇది ఎలక్ట్రీషియన్ పని. గట్టి నీళ్లున్న ఊళ్లలో ఎలిమెంట్ మీద సున్నం పట్టి, దాని వేడి నీటికి చేరక ఎలిమెంట్ తనలో తనే కాలిపోవడం సాధారణంగా జరిగే కథ. పాత డబ్బా అయితే ఎలిమెంట్ మార్చే ఖర్చుకి ఇంకాస్త వేసి కొత్తదే పెట్టించడం నయం.

కొత్తది పెట్టించేటప్పుడు పెద్ద కిలోవాట్ తీసుకుంటే ఫోర్స్ వస్తుందా అంటే, వస్తుంది, ఆశపడినంత కాదు. 8.5 కిలోవాట్ల డబ్బా చలికాలంలో 3.4 లీటర్లు ఇస్తే 10.8 కిలోవాట్లది 4.3 లీటర్లు ఇస్తుంది. ఆ ఒక్క లీటరు కోసం 43 ఆంపియర్లు మోసే వైరు కావాలి, అంటే పాత ఇంట్లో ఉన్న 6 చదరపు మిల్లీమీటర్ల వైరు తీసి 10ది వేయాలి, బ్రేకర్ మార్చాలి, ఇంటి మెయిన్ ఫ్యూజు 60 ఆంపియర్లదే అయితే అదీ చూసుకోవాలి. నిజంగా ధారాళంగా నీళ్లు కావాలనుకునే సొంతింటివాళ్లు గ్యాస్ కాంబీ బాయిలర్ (ఇంటి హీటింగ్‌కీ వేణ్ణీళ్లకీ కలిపి ఉండే ఒకే బాయిలర్) నుంచి మిక్సర్ షవర్ పెట్టించుకోవడం తెలివైన పని. 30 కిలోవాట్ల బాయిలర్ అదే జనవరిలో నిమిషానికి 13 లీటర్ల దాకా ఇవ్వగలదు. పక్కింటి షవర్‌తో మన షవర్‌ని పోల్చుకుని కుళ్లుకునేముందు వాళ్లది ఏ రకమో అడగడం మంచిది. ఎలక్ట్రిక్ షవర్‌కి ఉన్న ఒకే ఒక్క పెద్ద సుగుణం, బాయిలర్ చెడిపోయిన వారంలో కూడా స్నానం ఆగదు.

అద్దె ఇంట్లో వైరు మార్చలేం, బాయిలర్ జోలికి పోలేం. అలాంటప్పుడు తక్కువ నీళ్లకు సరిపోయేలా చిన్న రంధ్రాలతో చేసిన హెడ్ ఒకటి కొనుక్కుంటే అవే 3.9 లీటర్లు ఒంటికి గట్టిగా తగులుతాయి. ఎలక్ట్రిక్ షవర్‌కి పనికొస్తుందని పెట్టె మీద రాసి ఉన్నదే కొనాలి, మరీ బిగుతైనది పెడితే పైన చెప్పిన రిలీఫ్ పార్టు మీద భారం పడుతుంది. ఆ రెయిన్ షవర్ హెడ్ మాత్రం వెనక్కి పంపేయండి. వందకు పైగా రంధ్రాలకు 3.9 లీటర్లు పంచితే ఒక్కో రంధ్రం నుంచి కారేది చుక్కలే.

నిజంగా లోపమే ఉందని తేలితే రిపేర్ ఖర్చు అద్దెకున్నవాళ్లది కాదు. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఒప్పందాలకు 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టంలోని 11వ సెక్షన్ వర్తిస్తుంది. నీళ్లు, కరెంటు, నీళ్లు కాచే ఏర్పాట్లు పనిచేసే స్థితిలో ఉంచాల్సింది ఓనరే. షవర్ బాగాలేదు అని ఒక్క ముక్క మెసేజ్ పెడితే ఏజెంట్ నుంచి జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు. మెయిల్ రాయండి, అందులో కోల్డ్‌లో క్యాన్ నిండడానికి పట్టిన సెకన్లు, వేడిలో పట్టిన సెకన్లు, హెడ్ పెట్టి నిమిషానికి ఎన్ని లీటర్లు, వంటింటి కుళాయికి ఎన్ని సెకన్లు, మీడియంకీ హైకీ వేడిలో తేడా ఉందా లేదా, ఈ ఐదూ రాసి, డబ్బా మోడల్ పేరూ కిలోవాట్లూ కనిపించేలా ఒక ఫొటో జత చేయండి. పంపాల్సింది ప్లంబర్‌నా ఎలక్ట్రీషియన్‌నా అన్నది ఆ మెయిల్ చూసి ఏజెంటే తేల్చుకోవచ్చు.